పాత బ్రిటిష్ సైనిక బట్ట బ్యాడ్జీని గుర్తుపట్టడం ఎలా?

పదింతలు చేసి చూపే భూతద్దం, స్కేలు, కిటికీ వెలుతురు చాలు. ఫోన్‌లో ఫొటో తీసి వెతకడంతో మాత్రం మొదలుపెట్టకండి. అమ్మేవాళ్లు రాసిన తప్పులే మీకు జవాబులుగా వస్తాయి. బ్యాడ్జీని ఉతకొద్దు.

ముందు అడుగుబట్ట చూడండి. ఖాకీ ఉన్ని అయితే పదాతి, ఫిరంగి దళాల వైపు వెళ్లండి. ముదురు నీలం మీద ఎర్ర దారం, తెల్లబట్ట మీద నీలి దారం అయితే నౌకాదళం. నీలం మీద బంగారు జరీ అయితే తొందరపడకండి, అది సైన్యం, నౌకాదళం రెండింట్లోనూ ఉంది.

బొమ్మ తేలికే. లాడం ఉంటే గుర్రాలకు లాడాలు కొట్టేవాడు, అడ్డంగా రెండు గొడ్డళ్లుంటే దారులు తీసే పయనీరు, జెండాలుంటే సందేశాలు పంపే సిగ్నలర్. ఆకుల దండలో ఎల్‌జీ అక్షరాలుంటే లూయిస్ గన్ అనే మెషిన్ గన్ పేల్చేవాడు. కత్తుల జత సైన్యంలో వ్యాయామ శిక్షకుడిది, నౌకాదళంలో ఆ పనికి గదల జత. లంగరు చూసి వృత్తి అనుకోకండి. అది హోదా, ఎడమ చేతికి ఉంటుంది.

అసలు తంటా కిరీటంతోనే. చాలా వృత్తి బ్యాడ్జీలకు అది ఉండదు. ఉన్నవాటికి కాలం చెప్పేది అదే, జనం బోల్తా పడేదీ అక్కడే.

1901 తర్వాత వచ్చిన రాజుల కాలానిది ట్యూడర్ కిరీటం. దాని కమాన్లు గుండ్రంగా పైకి ఉబ్బి ఉంటాయి. రెండో ఎలిజబెత్ రాణి కాలంలో వచ్చిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటానికి నడుమ కుంగి, భుజాలు లేచి ఉంటాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు. అయితే విక్టోరియా కిరీటం నడుమ కూడా కాస్త అణిగే ఉంటుంది. అందుకే 1960ల నాటి ముక్కను విక్టోరియాదని చెప్పి అమ్మేస్తుంటారు.

పైగా ఇది బట్ట. దారం అరిగితే ఉబ్బు కాస్తా కుంగులా కనిపిస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, కమాను నడిమధ్య సూది దిగిన రంధ్రాల వరస చూడండి. దారం పోయినా రంధ్రాలు ఉంటాయి. ఆ వరస ఎటు వంగితే కిరీటం అదే. మరో మెలిక ఏమిటంటే, చార్లెస్ రాజు 2022లో మళ్లీ ట్యూడర్ తరహా కిరీటాన్నే ఎంచుకున్నారు. కాబట్టి ‘రాజు కిరీటం’ అన్నంత మాత్రాన పాతదైపోదు. కిరీటం చోట అశోక సింహాలుంటే అది బ్రిటిష్‌ది కాదు, వెతుకులాట అక్కడితో ఆపేయండి. స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యం చిహ్నాల్లో కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి.

చివరగా వెనక్కి తిప్పండి. ముందువైపు వెలిసి, వెనక రంగు నిలిచి, అంచుల్లో పాత కుట్టు రంధ్రాలుంటే యూనిఫాం మీద ఉన్నదని నమ్మొచ్చు. అల్ట్రావయొలెట్ టార్చి వేసి మెరిస్తే నకిలీ అని తేల్చేసేవాళ్లంటే నాకు చిరాకు. ఇప్పటి సబ్బుపొడితో ఉతికితే నూరేళ్ల బ్యాడ్జీ కూడా మెరుస్తుంది.