గోడ రంగు ఎంపిక – మూడో పాఠం: మీగడ రంగా, బిస్కెట్ రంగా?

గత పాఠంలోని అభ్యాసం పూర్తయ్యేసరికి షేడ్ కార్డులో మీకు రెండే రంగులు మిగిలి ఉండాలి. పడమటి కిటికీ, నీలి ఛాయ గల తాండూరు బండల నేల, టేకు తలుపులు ఉన్న హాలుకు మీగడ రంగు నప్పుతుందా, బిస్కెట్ రంగు నప్పుతుందా అన్నది ఈ పాఠంలో తేల్చుకుందాం.

రెండు చీటీలనూ తెల్లకాగితం మీద పక్కపక్కన ఉంచితే, విడిగా చూసినప్పుడు కనబడని తేడా బయటపడుతుంది: మీగడ రంగులో పసుపు, బిస్కెట్ రంగులో పలుచని గులాబీ దాగి ఉంటాయి. అయితే అంగుళమంత చీటీని నమ్మి డబ్బా కొనకూడదు. నేను ఒకసారి దుకాణంలో ట్యూబ్‌లైటు కింద మీగడ రంగును మెచ్చి వేయించుకుంటే, సాయంత్రం నాలుగున్నరకల్లా మా గోడ పసుపునీళ్లు చల్లినట్టు తయారైంది.

కనుక రెండడుగుల అట్టలు రెండు తీసుకొని, చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండు కోట్లు వేయండి. తడి ఎమల్షన్ లేతగా కనిపించి ఆరాక ముదురుతుంది గనుక తీర్పును మర్నాటికి వాయిదా వేయాలి. అట్టను నేలమీద పరచకుండా, గోడకు ఆనించి నిలబెట్టే చూడాలి. పడుకోబెట్టిన అట్టమీద వెలుతురు వేరుగా పడుతుంది. ఉదయం, ఎండ వాలేటప్పుడు, రాత్రి దీపాల కింద మూడుసార్లు చూడండి. 6500 కెల్విన్ (దీపపు వెలుతురు ఛాయను తెలిపే కొలత) తెల్లని ఎల్ఈడీ కింద బిస్కెట్ రంగు కాస్త పాలిపోతుంది. పసుపు ఛాయ గల 3000 కెల్విన్ దీపం కింద రెండూ పసుపెక్కుతాయి.

నేలను మరిచిపోవద్దు. పక్కపక్కనున్న రంగులు ఒకదాని తేడాను మరొకటి పెంచి చూపుతాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే వివరించాడు. గోబెలాఁ నేతశాలలో నల్లరంగు వెలవెలబోతోందన్న ఫిర్యాదుకు కారణం అద్దకం కాదనీ, పక్కనున్న రంగులేననీ ఆయన గ్రహించాడు. ఆ లెక్కన నీలి బండల సరసన మీగడలోని పసుపు మరింత రెచ్చిపోతుంది, పడమటెండ దానికి ఆజ్యం పోస్తుంది. అందుచేత ఈ హాలుకు నా ఓటు బిస్కెట్ రంగుకే. అయితే నలుపును 0గా, తెలుపును 100గా లెక్కించే కాంతి పరావర్తన విలువ 60కి తగ్గని లేత షేడే తీసుకోవాలి. అంతకంటే ముదిరితే ఒక్క కిటికీ వెలుతురు చాలదు.

వచ్చే పాఠంలో లప్పం, ప్రైమర్ పనులు మొదలవుతాయి. ఆలోగా మీ అట్టలను కిటికీకి ఎదుటి గోడ దగ్గర ఒకరోజు, కిటికీ ఉన్న గోడ దగ్గరే మరొక రోజు నిలబెట్టి, ఏ వేళకు ఏ రంగు ఎలా మారిందో కాగితం మీద రాసి ఉంచండి.