ఉప్పునీటి చేపను కొనేముందు మేత వేయించి చూడండి

ఉప్పునీటి అక్వేరియానికి చేపను రంగు చూసి తీసుకోకండి. ముందు మీ ఎదుటే మేత వేయమని అడగండి. సముద్రంలో పట్టిన చేపల్లో కొన్ని గుళికలను, ఫ్రోజెన్ రొయ్యను తిండిగానే గుర్తించవు. అలాంటిది ఇంటికొచ్చాక చిక్కి చనిపోతుంది.

తింటున్నా సరే, పైనుంచి కూడా చూడండి. పొట్ట పీక్కుపోయి, తల వెనుక కండ తగ్గి ఉంటే వద్దు. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నా, ఒంటిని రాళ్లకేసి రుద్దుకుంటున్నా పరాన్నజీవి పట్టి ఉండొచ్చు. ఒక్క చేపకు ఉప్పురవ్వల్లాంటి తెల్లమచ్చలు కనిపించినా ఆ నీళ్లలోని ఏ చేపనూ తేవద్దు.

మొదటి చేపగా ట్యాంకులోనే పుట్టి పెరిగిన ఓసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ మేలు. 80 లీటర్లలో జంట సర్దుకుంటుంది. బ్లూ ట్యాంగ్ పిల్లగా రెండంగుళాలే, పెరిగితే దాదాపు అడుగు; ఆరడుగుల ట్యాంకు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. మాండరిన్ చేప రోజంతా రాళ్లమీది కోపెపాడ్లనే, అంటే రొయ్యజాతి సూక్ష్మజీవులనే, ఏరుకు తింటుంది, కొత్త ట్యాంకులో అవి సరిపడా ఉండవు. డామ్సెల్ చేప గట్టిదే కానీ తర్వాత వచ్చినవాటిని తరిమి కొరుకుతుంది. కావాలంటే అన్నిటికన్నా చివర వదలండి.

తెచ్చిన చేపను నాలుగు వారాలు విడి ట్యాంకులో ఉంచాలి. అమ్మేచోట ఉప్పు తక్కువగా, 1.019 సాంద్రత (మంచినీరు 1 అనుకుంటే ఆ ఉప్పునీటి బరువు) దగ్గర ఉంచడం మామూలే. నేరుగా సముద్రపు నీటిలా 1.025 ఉన్న ట్యాంకులో వేస్తే చేప ఒంట్లోని నీరు బయటికి లాగేసుకుపోతుంది. విడి ట్యాంకును వాళ్ల నీటికి సమానంగా కలిపి, రోజుకు 0.001 చొప్పున పెంచండి.