బూట్‌క్యాంప్‌కు ఫీజు కట్టే ముందు ఇంటి దగ్గర చేయవలసిన ప్రయోగాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో డిగ్రీ పూర్తయిన పిల్లల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాట వచ్చినప్పుడు సాధారణంగా రెండు దారులే వినిపిస్తాయి: అమీర్‌పేటలో గది తీసుకుని కోర్సు చేయడం, లేదా ఆన్‌లైన్ బూట్‌క్యాంప్‌లో, అంటే కొన్ని నెలల్లోనే ఉద్యోగానికి సిద్ధం చేసే శిక్షణలో, చేరడం. రెండూ మంచి దారులే కావచ్చు గానీ, ఏ పని తమ చేతికి వస్తుందో పిల్లలకే తెలియకముందే ఇంటివాళ్లు అప్పు తెచ్చి ఫీజు కట్టేయడం చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమంలో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగి సాఫ్ట్‌వేర్ ఇంజినీరునయ్యాను కాబట్టి, ఫీజుకు ముందు ఇంటి దగ్గరే చేయవలసిన పని ఎంత ఉందో అనుభవంతో చెబుతున్నాను.

ప్రయోగం అంటే వీడియోలు చూడటం కాదు. ఒక ప్రశ్న, ఒక గడువు, గడువు ముగిసేసరికి ఇంకొకరికి చూపించగలిగిన ఒక వస్తువు, ఈ మూడూ ఉంటేనే అది ప్రయోగం. రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు ఒక రంగానికి కేటాయించండి: మొదట వెబ్ పేజీలు, తరువాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో డేటా పని, ఆపైన టెస్టింగ్, అంటే ప్రోగ్రాంలో తప్పులు వెతికే పని. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలూ, హార్వర్డ్ వారి సీఎస్50 పాఠాలూ, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలూ ఉచితంగానే దొరుకుతాయి. కరెంటు, నెట్ పోయే ఊళ్లలో ఉండేవారు పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌ను ముందుగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం మంచిది.

ప్రయోగానికి విషయం ఎక్కడో వెతకనక్కరలేదు. సరిహద్దులో ఉన్న మనకు రోజూ ఎదురయ్యే చిక్కే ఒకటుంది: రేషన్ కార్డులో పేరు ఒడియా లిపిలో ఉంటుంది, పెళ్లి శుభలేఖలో అదే పేరు తెలుగులో ఉంటుంది, దుకాణం ఖాతా పుస్తకంలో రెండూ కలిసి ఉంటాయి. ఒడియా పేరును తెలుగు లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాయండి. కంప్యూటర్ కోసం ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో ఒడియా ‘క’ సంఖ్య 2837, తెలుగు ‘క’ సంఖ్య 3093, అంటే తేడా సరిగ్గా 256. ‘మ’కైనా ‘ల’కైనా తేడా అంతే, ఎందుకంటే భారతీయ లిపులకు ఒకే వరుసను పాటించిన పాత ఇస్కీ ప్రమాణం నుంచే యూనికోడ్ ఈ అమరికను తీసుకుంది. కాబట్టి ప్రతి అక్షరం సంఖ్యకూ 256 కలిపితే చాలనిపిస్తుంది. నేనూ మొదట అలాగే రాశాను. నడిపి చూస్తే, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీ ఉండవలసిన చోట నెత్తిన చుక్క ఉన్న ఏదో రోమన్ అక్షరం వచ్చి కూర్చుంది, ఎందుకంటే ఖాళీకి కూడా 32 అనే సంఖ్య ఉంది, దానికీ నా ప్రోగ్రాం 256 కలిపేసింది. 2816 నుంచి 2943 వరకు ఉన్న సంఖ్యలను మాత్రమే మార్చాలన్న షరతు పెట్టాక ఆ తప్పు పోయింది. ఆ తరువాత ఇంకో చిక్కు: ఒడియాలో చుక్క ఉన్న డకారానికి తెలుగులో సరిపడే అక్షరం లేదు, దాన్ని ‘డ’ చేయాలో ‘ర’ చేయాలో మనమే నిర్ణయించుకోవాలి. తెలుగు నుంచి ఒడియాకు వెళ్తే, మన హ్రస్వమైన ‘ఎ’, ‘ఒ’లకు అక్కడ చోటు లేదు. ‘పర్లాకిమిడి’ మనకు అయిదు అక్షరాలు, పైథాన్ లెక్కిస్తే పదకొండు వస్తుంది. గుణింతపు గుర్తులనూ పొల్లునూ అది విడివిడిగా లెక్కపెడుతుంది మరి. ఇరవై వరుసల ఈ ప్రోగ్రాం మీకు షరతులూ లూపులూ ఫంక్షన్లే కాక, నియమం రాసుకోవడం, అది విఫలమైన చోటు పట్టుకోవడం కూడా నేర్పుతుంది, ఇంజినీరు పనిలో ఎక్కువ భాగం అదే.

ప్రతి రోజూ చేసిన మార్పును గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టే సాధనం) కమిట్ చేసి, అంటే నమోదు చేసి, గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టండి. పక్కనే ఒక నోటుపుస్తకంలో ఆ రోజు ఏమనుకున్నారో, ఏం జరిగిందో రెండు వాక్యాలు రాయండి, తెలుగులోనే రాయండి. ముందు మన మాటల్లో విషయం తేటపడితే ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో చెప్పడం తేలికవుతుంది. ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులు మాట్లాడే మాటలను విని రాసుకుంటూ వారి భాష నేర్చుకున్నారన్న సంగతి నాకు తరచూ గుర్తుకు వస్తుంది.

మూడు వారాలు గడిచాక “నచ్చిందా?” అని అడగకండి, మొదట్లో అన్నీ నచ్చుతాయి. ఎర్రర్ వచ్చిన రాత్రి కంప్యూటర్ మూసేశారా, లేక ఇంకో అరగంట కూర్చున్నారా అన్నది నోటుపుస్తకంలో చూడండి. ఏ రంగంలో కూర్చోబుద్ధి అయిందో ఆ రంగానికే బూట్‌క్యాంప్ వెతకండి.

బూట్‌క్యాంప్ అంటే మూడు నుంచి ఆరు నెలల్లో ఒక పనికి సిద్ధం చేసే గట్టి సాధన. అమెరికాలో 2011, 2012 ప్రాంతంలో మొదలైన ఈ పద్ధతిలో అసలు విలువ పాఠాల్లో లేదు, పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. మీరు రాసిన కోడ్‌ను అనుభవమున్నవారు వరుస వరుసా చదివి దిద్దడంలో ఉంది. అందుచేత మొదట అడగవలసిన ప్రశ్న, “నా కోడ్ ఎవరు చదువుతారు, వారానికి ఎన్నిసార్లు?” అన్నది. రికార్డు చేసిన వీడియోలే ఇస్తామంటే అంత ఫీజు కట్టనక్కరలేదని నా అభిప్రాయం.

రెండవది, ఉద్యోగాల లెక్క. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, వారిలో ఎంతమందికి ఏ ఉద్యోగం ఎన్ని నెలల్లో వచ్చింది అన్నది రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో ఒక పేరున్న బూట్‌క్యాంప్ 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయని ప్రచారం చేసుకోగా, దాని లోపలి లెక్కల్లో అది 50 శాతానికి దగ్గరగా ఉందని తేల్చి, 2024లో అక్కడి ప్రభుత్వ సంస్థ చర్య తీసుకుంది. మూడవది, “ఉద్యోగం వచ్చాకే ఫీజు” అనే మాట. అది కొన్నిసార్లు విద్యార్థి పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పుగా ఉంటుంది, ఉద్యోగం రాకపోయినా ఈఎంఐ ఆగదు. నా బంధువుల అబ్బాయి ఒకడు ఫోన్‌లో ఓటీపీ చెప్పిన తరువాత గానీ తాను అప్పు తీసుకున్నానని తెలుసుకోలేదు. ఒప్పందం చేతికి వచ్చి, మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో చదివేదాకా ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఉద్యోగం వచ్చాక కూడా ఈ పద్ధతే నడపండి. మొదటి ఏడాది ఎక్కువగా బగ్గులే, అంటే ప్రోగ్రాంలోని తప్పులే, సరిచేయడానికి ఇస్తారు. ప్రతి బగ్గు ఎందుకు వచ్చిందో పాత నోటుపుస్తకంలోలాగే రాసుకోండి. కొత్త టూల్ పనికొస్తుందనిపిస్తే టీమ్ లీడ్‌ను అడిగి రెండు రోజుల గడువు తీసుకుని, చిన్న నమూనా చేసి, పనికొచ్చిందో లేదో ఒక పేజీలో రాసి ఇవ్వండి. పనికిరాదని తేలినా సరే, ఆ పేజీ ఇవ్వండి; ఇలాంటి పేజీలు నాలుగైదు ఇచ్చిన తరువాతే నాకు మొదటిసారి ఒక పూర్తి ఫీచర్ డిజైన్ అప్పగించారు.