మసకబారిన కన్వర్టిబుల్ వెనక కిటికీని బాగుచేయడం ఎలా? కుదరకపోతే మార్చడం ఎలా?

నాది 1996 మజ్దా మియాటా, గుడ్డ టాప్‌ని మడిచి దించుకోగలిగే రెండు సీట్ల కన్వర్టిబుల్ కారు. డాలస్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రోజున హెడ్‌లైట్లు కనురెప్పల్లా పైకి లేవడం చూసి మురిసిపోయి, వెనక కిటికీ సంగతి పట్టించుకోలేదు. ఇంటికొస్తుంటే హైవే మీద నా వెనకున్నది ట్రక్కో పోలీసు కారో తెలియలేదు. 1989 నుంచి 1997 దాకా వచ్చిన మొదటి తరం మియాటా సాఫ్ట్‌టాప్‌లకి వెనక ఉండేది అద్దం కాదు, మెత్తటి పీవీసీ షీటు. తర్వాతి తరానికి అసలు అద్దం పెట్టారు. మన థార్, జిప్సీల గుడ్డ టాప్ కిటికీలూ ఇలాంటి ప్లాస్టిక్‌వే, కాబట్టి ఇందులో చాలావరకు వాటికీ పనికొస్తుంది.

ముందు నీళ్లు కొట్టి చూడండి

పాలిష్ కొనకముందే చేయాల్సిన పని ఇది. కిటికీని రెండు వైపులా బాగా తడిపి, తడిగా ఉండగానే అందులోంచి చూడండి. తడిసినప్పుడు స్పష్టంగా కనిపించి, ఆరాక మళ్లీ మసకేస్తే లోపం పైపొరలోనే ఉన్నట్టు, అంటే సన్నటి గీతలు, ఎండకి పాడైన పొర. అది పాలిష్‌తో పోతుంది. తడిపినా పసుపుగానో గోధుమ రంగుగానో కనిపించినా, మడత దగ్గర వేలితో నొక్కితే పెళుసుగా టకటకమన్నా ప్లాస్టిక్కే అయిపోయింది. దానిలో మెత్తదనాన్నిచ్చే రసాయనం ఏళ్ల ఎండకి ఎగిరిపోయి ఉంటుంది, ఎంత రుద్దినా తిరిగి రాదు, నేరుగా మార్చడం దగ్గరికి వెళ్లిపోండి.

పాలిష్ చేసే పద్ధతి

కారుని నీడలో పెట్టి ప్లాస్టిక్ చల్లబడనివ్వండి. కార్ షాంపూ, బోలెడు నీళ్లు పోసి కడగండి. పొడిగుడ్డతో దుమ్ము తుడవడం మాత్రం వద్దు, సగం గీతలు పడేది అలాగే. కిటికీ చుట్టూ గుడ్డ మీద, కుట్టు మీద మాస్కింగ్ టేప్ వేయండి, లేకపోతే తెల్ల పాలిష్ నల్ల దారంలో ఇరుక్కుని నెలల తరబడి వెక్కిరిస్తుంది.

మెగ్వయర్స్ ప్లాస్ట్‌ఎక్స్ లాంటి ప్లాస్టిక్ పాలిష్ ఏదైనా సరే. టూత్‌పేస్ట్ చిట్కా నేనూ విన్నాను, కానీ ఏ పేస్టులో ఎంత గరుకు ఉంటుందో చెప్పలేం, నేనైతే పెట్టను. మైక్రోఫైబర్ గుడ్డ మీద కాస్త వేసుకుని, అరచేయంత మేర తీసుకుని, పాలిష్ దాదాపు ఆరేదాకా రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచి, పక్క భాగానికి వెళ్లండి. షీటు మెత్తగా ఊగుతుంది కదా, అందుకని లోపలి నుంచి ఎవరైనా మడిచిన టవల్ ఆనించి పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ మా ఆవిడది, నా డ్యూటీ తిట్లు తినడం. బయట అయ్యాక లోపలి వైపూ ఇలాగే చేయాలి, చాలామంది లోపల వదిలేసి పాలిష్ పనిచేయలేదంటారు. ఒక్కసారికే మెరవదు, రెండు మూడు సార్లు పడుతుంది.

డ్రిల్లుకి స్పాంజి తగిలించి పని త్వరగా కానిద్దామనుకున్నాను నేను. ఒకేచోట పది సెకన్లు ఆపాను, అంతే, వేడికి అక్కడ ప్లాస్టిక్ అలలా ముడుచుకుపోయింది. మెషిన్ వాడాలంటే తక్కువ స్పీడు, ఒక్కచోట ఆగకూడదు. గీతలు లోతుగా ఉంటే 2000, తర్వాత ఇంకా నునుపైన 3000 గ్రిట్ వాటర్‌పేపర్‌తో (నీళ్లు పెట్టి రుద్దే గరుకు కాగితం) తడిపి తడిపి రుద్ది అప్పుడు పాలిష్ చేసేవాళ్లున్నారు, పనిచేస్తుంది కానీ ఎలాగూ మార్చేద్దామనుకున్న కిటికీ మీదే ఆ సాహసం చేయండి. చివర్లో ఎండ నుంచి కాపాడే వినైల్ ప్రొటెక్టెంట్ పూయండి, లేకపోతే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

మార్చాల్సి వస్తే

టాప్ గుడ్డ కూడా చిరిగి ఉంటే మొత్తం టాప్ మార్చడమే నయం. గుడ్డ బాగుండి కిటికీ ఒక్కటే పోతే, కొత్త ప్లాస్టిక్ కుట్టించుకోవచ్చు. అమెరికాలో కారు సీట్ల షాపు కంటే పడవల టాప్‌లు కుట్టే షాపుకి వెళ్లండి, వాళ్ల చేతుల్లో రోజూ ఆడేది ఇదే షీటు. మన ఊళ్లలో అయితే జీపు టాప్‌లు, సీటు కవర్లు కుట్టేవాళ్లని అడగండి.

30 గేజ్ షీటు అడగండి, అంటే 0.030 అంగుళం, ముప్పావు మిల్లీమీటరు. 40 గేజ్ గట్టిగా ఉంటుంది కానీ మడవడానికి మొరాయిస్తుంది. మీరే కుట్టేటట్టయితే పాత కిటికీ విప్పకముందే దాని ఆకారం బ్రౌన్ పేపర్ మీద గీసుకుని, కుట్టుకోసం చుట్టూ ముప్పావు అంగుళం వదిలి కత్తిరించండి. గుండుసూదులు గుచ్చితే ఆ రంధ్రాలు శాశ్వతం, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి కుట్టాలి. దారం ఎండకి తట్టుకునే పాలిస్టర్‌దే కావాలి. కుట్లు దగ్గరదగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటాం, కానీ ప్లాస్టిక్ తపాలా బిళ్ల అంచులా తయారై అక్కడే చిరుగుతుంది, కుట్టు 4, 5 మిల్లీమీటర్ల పొడవుండాలి. ఇంట్లో బట్టలు కుట్టే మెషిన్ దీనికి చాలదు, షీటు మెషిన్ పాదానికి అతుక్కుపోయి కదలదు.

తర్వాత

మియాటాలో టాప్ దించేముందు కిటికీ జిప్ విప్పి, కిటికీని వెనక్కి బల్లపరుపుగా పడుకోబెట్టి, ఆ తర్వాతే టాప్ మడవాలి. బద్ధకించి జిప్ విప్పకుండా దించితే పడే ముడతలోంచే పగులు మొదలవుతుంది. పైన మెత్తటి టవల్ పరిస్తే గీతలు పడవు. జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ దీని దగ్గరికి రానివ్వద్దు. బాగా చలిగా ఉన్నప్పుడు టాప్ దించకండి, ప్లాస్టిక్ బిస్కెట్‌లా విరుగుతుంది. పొద్దున మంచు పేరుకుని ఉంటే గీకొద్దు, హీటర్ వేసి కాఫీ తాగుతూ లోపల కూర్చోండి, అదే కరుగుతుంది.