వార్డులో ఏఐ అలర్ట్ మోగితే నర్సులు ఏం చూసుకోవాలి

ఏఐ వస్తే మన ఉద్యోగాలు పోతాయేమోనని టెన్షన్ పడే సిస్టర్లు చాలామందే ఉన్నారు, ఆ భయం తప్పు కాదు, కానీ ముందు పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని హెచ్చరించే ఆ ఏఐ మెషిన్ దేన్ని చూసి మోగుతోందో కంపెనీవాళ్లు ట్రైనింగ్‌కి వచ్చినప్పుడే అడిగి తెలుసుకోండి. ఉదాహరణకి బ్రిటన్‌లో 2017 నుంచి ఉన్న న్యూస్2 స్కోరులో (శ్వాస, నాడి, బీపీ, ఆక్సిజన్ లాంటివాటికి పాయింట్లు వేసి పేషెంట్ పరిస్థితి ఎంత విషమిస్తోందో చెప్పే లెక్క) 5 లేదా 6 వస్తే డాక్టర్‌ని త్వరగా పిలవాలి, 7 లేదా అంతకు మించితే ఎమర్జెన్సీ.

అలర్ట్ రాగానే స్క్రీన్ దగ్గర ఆగకుండా పేషెంట్ దగ్గరికి వెళ్లండి. ఆక్సిజన్ 86 చూపిస్తుంటే వేళ్లు చల్లగా ఉన్నాయా, ముదురు నెయిల్ పాలిష్ ఉందా, ప్రోబ్ (వేలికి పెట్టే ఆక్సీమీటర్ క్లిప్) జారిందా చూసి వేరే వేలికి పెట్టండి. పెదాలు నీలంగా మారినా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా ప్రోబ్ సంగతి తర్వాత, వెంటనే డాక్టర్‌ని పిలవండి. ఇంకోటి, చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఆక్సీమీటర్ అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది, కాబట్టి 94 ఉంది కదా అని వదిలేయొద్దు. శ్వాస నిమిషమంతా మీరే లెక్కపెట్టండి, పేషెంట్‌కి చెప్పకుండా.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది మెషిన్ మోగని వేళ. "నిన్నటిలా లేడమ్మా, ఏదేదో మాట్లాడుతున్నాడు" అని అటెండెంట్ అంటే తేలిగ్గా తీసుకోకండి, కొత్తగా మొదలైన తికమక ఒక్కదానికే న్యూస్2లో 3 పాయింట్లు, దాన్ని మంచం పక్కన నిలబడ్డ మనిషే గమనించి స్కోరులో నమోదు చేయాలి.

తప్పుడు అలర్ట్‌లు ఎక్కువైతే మ్యూట్ చేయకుండా టైమ్, బెడ్ నంబర్ రాసి ఇన్‌ఛార్జికి ఇవ్వండి. మందులు మోసే రోబో వస్తే మోయనివ్వండి, పేరు, డోసు చెక్ మాత్రం మీరే చేయండి.