రేటు దగ్గర కాదు, తరుగు దగ్గర బేరమాడండి: షాపులోనూ ఫోన్లోనూ బిల్లు చదివే పద్ధతి

నగల షాపులో గ్రాము రేటు పెద్ద అంకెల్లో వెలుగుతూ ఉంటుంది. ఫోన్లో "నో కాస్ట్ ఈఎంఐ" కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. డబ్బు కారిపోయేది మాత్రం ట్యాగు వెనక, పేమెంట్ పేజీ అడుగున, పిన్ కొట్టే ముందు రెండు క్షణాలు కనిపించే మ్యాండేట్ (నెలనెలా డబ్బు తీసుకోవడానికి అనుమతి) స్క్రీన్లో. ఒక్కోచోట ఏం చూడాలో, చూడకపోతే ఎంత పోతుందో లెక్క కట్టి చెబుతాం. ఎక్కువ భాగం బంగారం గురించే. మన ఇళ్ళల్లో ఒక్క పూటలో లక్షలు చేతులు మారేది అక్కడే, కాఫీ తాగుతూ బిల్లు చదవకుండా కట్టేసేదీ అక్కడే.

నగ కొనేటప్పుడు

ముందు కొలత. ఆంధ్రలో కాసులు, సవర్లు అంటారు, రెండూ 8 గ్రాములే. తెలంగాణలో తులం అంటారు. ఇప్పుడు చాలామంది లెక్కలో అది 10 గ్రాములు, పాత లెక్కలో 11.664. ఇంట్లో ఎలా మాట్లాడుకున్నా షాపులో గ్రాముల్లోనే అడగండి, చీటీ మీద గ్రాముల్లోనే రాయించండి.

ఒక నల్లపూసల గొలుసు తీసుకుందాం. ట్యాగు మీద ఇలా ఉంది: గ్రాస్ 21.400, నెట్ 20.000, వీఏ 14%. గ్రాస్ అంటే పూసలు, రాళ్ళతో కలిపి మొత్తం బరువు. నెట్ అంటే బంగారం ఒక్కదాని బరువు. వీఏ అంటే తరుగు, మజూరీ కలిపి వేసేది. కొన్ని షాపుల్లో తరుగు వేరే, మజూరీ వేరే వేస్తారు. అప్పుడు రెండూ కూడి చూడాలి. "మా దగ్గర మజూరీ లేదు" అన్న షాపులో తరుగు ఎంతో అడిగితే సంగతి తెలుస్తుంది.

లెక్క సులువు కోసం 22 క్యారెట్ గ్రాము 10,000 అనుకుందాం.

బంగారం: 20 గ్రాములు × 10,000 = 2,00,000
తరుగు 14 శాతం: 28,000
పూసలు, రాళ్ళు: 3,000
మొత్తం: 2,31,000
జీఎస్టీ 3 శాతం: 6,930
చేతినుంచి పోయేది: 2,37,930

దీనికి హాల్‌మార్క్ (స్వచ్ఛతను పరీక్షించి వేసే ముద్ర) రుసుము కలుస్తుంది. అది నగకు కొన్ని పదుల రూపాయలే కాబట్టి దాని దగ్గర వాదన అనవసరం.

ఇప్పుడు బేరం. "మీకోసం గ్రాముకు 50 తగ్గిస్తాం" అంటారు. 20 గ్రాముల మీద అది 1,000. దాని మీద పడే తరుగు, జీఎస్టీ కూడా తగ్గుతాయి కాబట్టి మొత్తం 1,174 మిగులుతుంది. అదే తరుగు 14 నుంచి 10 శాతానికి దిగితే 8,000, జీఎస్టీతో 8,240. ఏడు రెట్లు తేడా. రేటు రోజూ పేపర్లో వస్తుంది, దాన్ని షాపువాళ్ళు పెద్దగా కదపలేరు. తరుగు వాళ్ళ చేతిలో ఉంటుంది. మెషీన్ గొలుసులకు, ప్లెయిన్ గాజులకు తరుగు తక్కువ. నక్షి పని, టెంపుల్ నగలకు 20 శాతం దాటడం మామూలే. అందుకని రెండు మూడు షాపులు తిరిగినప్పుడు ఒకే రకం నగకు, ఒకే బరువు దగ్గర తరుగు శాతం రాసుకోండి. ఒక చోట ప్లెయిన్ గాజు, ఇంకో చోట నక్షి గాజు చూసి పోల్చితే ఆ పోలిక ఎందుకూ పనికిరాదు.

తూకం దగ్గర చూడాల్సింది ఇది. తక్కెడ మీద 0.000 కనిపించాక, ట్యాగు, దారం తీసేసి పెట్టమనండి. వచ్చిన అంకె ట్యాగు మీది గ్రాస్‌తో సరిపోవాలి. తర్వాత అందులోంచి పూసల బరువు తీసేశారో లేదో చూడండి. పై గొలుసులో పూసల బరువు 1.400 గ్రాములు. అది తీయకుండా గ్రాస్ మీదే బిల్లు వేస్తే నల్లపూసలకు బంగారం ధర కట్టినట్టే: 14,000, దాని మీద తరుగు 1,960, ఆపైన జీఎస్టీ. దాదాపు 16,400 రూపాయలు. కుందన్ నగల్లో రాళ్ళ వెనక లక్క కూడా ఉంటుంది, దాని బరువూ అడగాలి. పూసలకు, రాళ్ళకు విడిగా కట్టిన డబ్బు నగ తిరిగి అమ్మే రోజున సాధారణంగా లెక్కలోకి రాదు.

18 క్యారెట్ నగ అయితే, రేటు కూడా 18దే వేశారా చూడండి. 22 క్యారెట్ గ్రాము 10,000 ఉన్న రోజున 18 క్యారెట్ సుమారు 8,190 మాత్రమే.

ఇక హాల్‌మార్క్. నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం, స్వచ్ఛత (22 క్యారెట్‌కు 22కె916), అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కంటికి ఆనదు, షాపులో భూతద్దం ఉంటుంది, అడగండి. బీఐఎస్ కేర్ యాప్ తెరిచి "వెరిఫై హెచ్‌యూఐడీ"లో ఆ ఆరూ కొడితే నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు వస్తాయి. చాలామంది స్వచ్ఛత చూసి మూసేస్తారు. నగ రకం కూడా చదవండి. చేతిలో గొలుసు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ నంబరు ఇంకో నగది. 2 గ్రాముల లోపు ముక్కుపుడకల్లాంటివాటికీ, కుందన్, పోల్కీ, జడావు నగలకూ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. అక్కడ బిల్లు మీద రాయించుకున్న మాటే ఆధారం.

ఎస్టిమేషన్ చీటీ బిల్లు కాదు. "బిల్లు లేకపోతే జీఎస్టీ పడదు" అనే మాటకు లొంగితే పై లెక్కలో 6,930 మిగులుతుంది, రేపు గొడవొస్తే చూపించడానికి మాత్రం ఏమీ మిగలదు. సరైన బిల్లులో నెట్ బరువు, క్యారెట్, రేటు, తరుగు, రాళ్ళ ధర, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా ఉంటాయి. హాల్‌మార్క్ వేసిన నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తక్కువైన మేరకు కట్టిన ధరకు రెండింతలు, పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకు ఇవ్వాలని బీఐఎస్ నియమం. అది అడగాలంటే చేతిలో బిల్లు ఉండాలి. నగదుగా కట్టాలనుకునేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఒకే కొనుగోలుకు 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, బిల్లు రెండు ముక్కలు చేసినా సరే.

"బంగారం కొంటే ఎటూ పోదు" అంటారు పెద్దవాళ్ళు. బంగారం పోదు, తరుగు పోతుంది. పై గొలుసును మర్నాడే అమ్మితే మంచి షాపులో కూడా వచ్చేది 2,00,000. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే రేటు 19 శాతం పెరగాలి. పెళ్ళికి, పెట్టుబడికి ఒకే నగ అని కొనడం ఇందుకే తప్పు లెక్క. వేసుకోవడానికైతే నగ కొనండి. దాచుకోవడానికైతే మజూరీ తక్కువుండే బిళ్ళలు, డీమ్యాట్ ఖాతా ఉంటే గోల్డ్ ఈటీఎఫ్ (బంగారం ధరతో పాటు కదిలే ఫండ్ యూనిట్లు) చూడండి. బిళ్ళ బ్యాంకులో కొనేముందు ఒక సంగతి: బ్యాంకులు బిళ్ళలు అమ్ముతాయి గానీ తిరిగి కొనవు.

పదకొండు నెలల స్కీము

నెలనెలా కొంత కట్టి చివర్లో నగ తీసుకునే నగల షాపుల స్కీములు ఎక్కువగా 11 నెలలే ఎందుకుంటాయి? కంపెనీ వస్తువు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోపు వస్తువు ఇచ్చేస్తే అది డిపాజిట్ కిందికి రాదు. దాటితే డిపాజిట్ నిబంధనలన్నీ మీద పడతాయి. అంటే మీరు కట్టేది అడ్వాన్సు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా దీనికి లేదు. షాపు మూతపడితే మీరు కూడా బాకీ రావాల్సినవాళ్ళ వరసలో నిలబడాల్సిందే.

చేరే ముందు మూడు అడగండి. కట్టిన డబ్బు ఆ రోజు రేటుకు గ్రాములుగా మారుతుందా, రూపాయల్లోనే ఉంటుందా? ఒక నెల తప్పితే ఏమవుతుంది? "తరుగు లేదు" అన్నది ఎంత శాతం వరకు? మూడోది అసలు కీలకం. 18 శాతం వరకే మాఫీ అని రాసి ఉండి, మీకు నచ్చిన నగకు 24 శాతం ఉంటే మిగతా 6 మీ జేబులోంచే. 10 శాతం తరుగున్న ప్లెయిన్ నగ తీసుకుంటే మాఫీ అయ్యేది కూడా 10 మాత్రమే. స్కీము కార్డు వెనకవైపు ఇదంతా ఉంటుంది. ఫోటో తీసి పెట్టుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ

30,000 ఫోను, 6 వాయిదాలు, వాయిదాకు 5,000. వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేస్తుందనుకుందాం. అప్పుగా రాసుకునేది సుమారు 28,730, వడ్డీ 1,270. ఆ 1,270ని అమ్మేవాడు ముందే తగ్గింపుగా చూపిస్తాడు. అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, 229 రూపాయలు. అది మీరే కడతారు. ప్రాసెసింగ్ రుసుము 199 ఉంటే జీఎస్టీతో 235. మొత్తం 464. ఇదొక్కటే అయితే ఫర్వాలేదనుకోవచ్చు. అసలు నష్టం ఇంకోచోట ఉండొచ్చు: అదే ఫోనుకు మొత్తం ఒకేసారి కడితే 1,500 కార్డు డిస్కౌంట్ ఉండి, ఈఎంఐకి అది లేకపోతే మీ "నో కాస్ట్" ఖరీదు 1,964.

కాబట్టి పేమెంట్ పేజీలో ఒకేసారి కట్టేది ఎంచుకుని చివరి మొత్తం రాసుకోండి. వెనక్కి వచ్చి ఈఎంఐ ఎంచుకుని "వివరాలు" నొక్కి వడ్డీ, జీఎస్టీ, రుసుము కూడండి. రెండు నిమిషాల పని.

క్రెడిట్ కార్డు "కనీస మొత్తం" దీనికంటే చాలా ప్రమాదం. 40,000 బిల్లుకు 2,000 కట్టి ఊరుకుంటే, నెలకు 3.5 శాతం చొప్పున మిగిలిన 38,000 మీద వడ్డీ 1,330, జీఎస్టీతో 1,569. మీరు కట్టిన రెండు వేలల్లో అసలుకు చేరింది 431. పైగా ఆ నెల కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది. పూర్తిగా కట్టలేని నెల వస్తే బంగారం కుదువపెట్టి బ్యాంకులో తెచ్చుకున్నా ఇంతకంటే చాలా చవక.

ఒక్క రూపాయి ట్రయల్

"1 రూపాయికే 7 రోజులు" అన్నచోట యూపీఐ పిన్ కొడితే రూపాయి పంపడంతో పని అయిపోదు. నెలనెలా తీసుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు. పిన్ ముందు వచ్చే స్క్రీన్లో గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్ళకోసారి, ఎప్పటిదాకా అని మూడు వరుసలుంటాయి. ఎక్కువమంది చేసే పొరపాటు యాప్ తీసేసి ఇక అయిపోయిందనుకోవడం. యాప్ పోయినా మ్యాండేట్ బతికే ఉంటుంది.

ఆపే పద్ధతి: యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి "ఆటోపే"లోకి వెళ్ళండి. నడుస్తున్నవన్నీ అక్కడ కనిపిస్తాయి. వద్దన్నదాన్ని రద్దు చేయండి. "పాజ్" కొడితే అది మళ్ళీ లేస్తుంది. అలాగే సబ్‌స్క్రిప్షన్ ఇచ్చిన యాప్‌లో కూడా రద్దు చేయండి, లేకపోతే బాకీ ఉందని మెసేజీలు వస్తూనే ఉంటాయి. కార్డుతో ఇచ్చినవి యూపీఐలో కనపడవు, బ్యాంకు యాప్‌లో వెతకాలి. ప్లే స్టోర్ ద్వారా ఇచ్చినవి ప్లే స్టోర్‌లోనే "సబ్‌స్క్రిప్షన్స్" కింద ఉంటాయి. కార్డు నుంచి డబ్బు కోసే 24 గంటల ముందే సమాచారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ మెసేజీని ప్రకటన అనుకుని తీసేయకండి.

బస్సు, విమానం టికెట్లలో మీరు అడగని బీమా, పది రూపాయల విరాళం టిక్ పెట్టి ఉండటం, చివరి పేజీలో "కన్వీనియెన్స్ ఫీజు" పుట్టుకురావడం, "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి" అని అబద్ధం చెప్పి తొందరపెట్టడం: వీటిని 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో కేంద్రం డార్క్ ప్యాటర్న్‌లుగా (కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించే ఎత్తులుగా) నిషేధించింది. మొదటి పేజీ ధరకూ చివరి పేజీ ధరకూ స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నూనె ప్యాకెట్

కిరాణా గురించి ఒక్కటే. లీటరు వంటనూనె బరువు సుమారు 910 గ్రాములు. దాని పక్కనే అంతే ఎత్తు, అదే రంగు ప్యాకెట్ 850 గ్రాములది ఉంటుంది, ధర ఏడు రూపాయలు తక్కువ. 910 గ్రాములది 150, 850ది 143 అయితే, వంద గ్రాములకు మొదటిది 16.48, రెండోది 16.82. చవకగా కనిపించిందే ప్రియం. ఎమ్మార్పీ పక్కన చిన్నగా గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని ముద్రించి ఉంటుంది. "ఫ్యామిలీ ప్యాక్" సబ్బులకూ, టీపొడికీ ఆ అంకే చూడండి. పెద్ద ప్యాకెట్ చవకని మనకున్న నమ్మకం కొన్నిసార్లు అక్కడ తేలిపోతుంది.