డాలస్‌లో కొత్తగా దిగినవాళ్లకి: ఇంట్లోకి దొంగ వస్తే ఏం చేయాలో ముందే అనుకోండి

ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఎక్కడ దిగినా తాళాలు చేతికి రాగానే ఇంటర్నెట్, పరుపు, ఇండియన్ స్టోర్ ఇవే చూసుకుంటాం. ఆ మొదటి వారంలోనే తలుపులు కూడా చూడండి. టెక్సస్ చట్టం ప్రకారం, మీకన్నా ముందున్నవాళ్ల తాళంచెవి పనిచేయకుండా మీరు దిగిన 7 రోజుల్లోపు ఓనరే తన ఖర్చుతో మార్పించాలి. బయటి తలుపుకి అవతల ఎవరున్నారో చూసే రంధ్రం, లోపలి నుంచి మాత్రమే వేసుకునే బోల్ట్, బాల్కనీ స్లైడింగ్ డోర్‌కి పిన్ లాక్ కూడా ఉండాలి. లేకపోతే నోటితో చెప్పి ఊరుకోకుండా లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. సొంతిల్లు కొన్నవాళ్లయితే, చట్రంలో బోల్ట్ దిగే చోట ఉండే రేకుకి మూడంగుళాల స్క్రూలు బిగించండి, ఎందుకంటే ఇక్కడి ఇళ్లలో గట్టిగా తన్నితే చాలాసార్లు విరిగేది తాళం కాదు, ఆ చట్రం చెక్కే.

మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసి అవే ఇళ్లు ఎంచుకునే ముఠాలు అమెరికాలో చాలా చోట్ల పట్టుబడ్డాయి. కాబట్టి నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. అయితే లాకర్లో వస్తువులకి బ్యాంకు డిపాజిట్ బీమా వర్తించదు, మామూలు ఇంటి పాలసీలో నగల దొంగతనానికి ఇచ్చేది తరచుగా 1,500 డాలర్లే, అందుకే ఫొటోలు, బిల్లులు చూపించి నగలకి విడిగా కవరేజ్ తీసుకోండి.

ఇక అసలు సంగతి. రాత్రి తలుపు పగిలిన చప్పుడు వినిపిస్తే ఎవరు ఏం చేయాలో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. గట్టి తలుపూ గడియా ఉన్న ఒక పడకగది అనుకుని, పిల్లల్ని ఎవరు తీసుకురావాలో, అమ్మానాన్నల్ని ఎవరు లేపాలో తేల్చుకోండి. ఛార్జర్, కారు తాళం ఆ గదిలోనే ఉంచండి (కారు దగ్గర్లో ఉంటే తాళం మీది ఎర్ర పానిక్ బటన్ నొక్కితే కారు హారన్ మోగుతుంది). బ్యాటు పట్టుకుని హాల్లోకి వెళ్లకండి. నగలు పోతే పోనివ్వండి, మీరు అడ్డం వెళ్లొద్దు.

ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి ముందు అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబరు చెప్పండి, ఆ తర్వాతే మిగతాది. మాట్లాడితే వినపడుతుందని భయమైతే ఈ ప్రాంతంలో చాలా చోట్ల 911కి మెసేజ్ కూడా వెళ్తుంది. పోలీసులు లోపలికి వచ్చినప్పుడు చేతుల్లో ఏమీ లేకుండా, చేతులు కనపడేలా ఉంచండి, వాళ్లకి మీరెవరో, దొంగెవరో తెలియదు.

టెక్సస్ కదా, తుపాకీ కొనుక్కోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నా, వాటిని నమ్ముకునే ముందు లాయరుతో మాట్లాడండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు నా టెన్షన్ అంతా ఒక్కటే, బెల్ కొడితే వాళ్లు తలుపు తీసేస్తారు. మనూళ్లో అలవాటు అది. "నీళ్ల కంపెనీ నుంచి వచ్చాం" అన్నా సరే తీయొద్దనీ, లోపల మనుషులున్నారని తెలిసేలా గట్టిగా మాట్లాడి మనకి ఫోన్ చేయమనీ చెప్పండి. ఇంటి అడ్రస్ ఇంగ్లీషులోనూ, తెలుగు అక్షరాల్లోనూ పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి. 911లో "తెలుగు" అని ఒక్క మాట అంటే చాలా చోట్ల ఫోన్లోనే అనువాదకుణ్ని కలుపుతారు, ఆ లోపు ఫోన్ పెట్టేయకూడదని వాళ్లకి చెప్పి, ఆ మాట వాళ్లతో ఒకసారి అనిపించి చూడండి.